ఎల్లోస్టోన్ నేర్పిన పాఠం

ప్రకృతి సంపద ప్రజలందరి ఉమ్మడి సొత్తు అన్న భావనకు చక్కని నిదర్శనం అమెరికాలోని ఎల్లోస్టోన్. 1872 మార్చి 1న ఏర్పడిన ఈ వనం ప్రపంచంలో తొలి జాతీయోద్యానంగా ప్రసిద్ధి పొందింది. భూగర్భంలోని అగ్నిపర్వత తాపం వల్ల ఇక్కడ వేడినీటి ఊటలు ఉబుకుతాయి. 'ఓల్డ్ ఫెయిత్‌ఫుల్' అనే ఉష్ణజలధార ఆకాశానికి ఎగజిమ్మే దృశ్యం సందర్శకులను ముగ్ధులను చేస్తుంది.

అయితే సంరక్షణ పేరిట అక్కడొక పొరపాటు జరిగింది. క్రూరజంతువులని భావించి తోడేళ్లను 1926 నాటికి నిర్మూలించారు. వాటి భయం తొలగడంతో ఎల్క్ దుప్పులు విస్తరించి లేతచెట్లను ఎదగనీయలేదు. తప్పు గ్రహించిన అధికారులు 1995, 1996లలో కెనడా నుండి 31 తోడేళ్లను తెచ్చి విడిచారు. వాటి సంతతి నేటికీ అక్కడ సంచరిస్తోంది.

మనకు అప్రియమైన ప్రాణికి కూడా అడవిలో స్థానముందని గుర్తించడమే నిజమైన సంరక్షణ.