ఆడపిల్ల వాటా – ఖాజీ ఎదుట న్యాయం

 

ఉహుద్ యుద్ధంలో సఅద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. ఆయన ఆస్తినంతటినీ ఆయన సోదరుడు స్వాధీనం చేసుకున్నాడు. సఅద్ భార్య తన ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకొని దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి, ఆస్తి లేనిదే వీరి వివాహాలు ఎలా జరుగుతాయని మొరపెట్టుకున్నది. అల్లాహ్ నిర్ణయం వచ్చేవరకు ఆగమన్నారు ప్రవక్త. అనంతరం వారసత్వపు ఆయతులు అవతరించాయి. అప్పుడు ఆ సోదరుణ్ణి పిలిపించి, మూడింట రెండు వంతులు ఆడపిల్లలకు, ఎనిమిదో వంతు వారి తల్లికి ఇచ్చి, మిగిలినది నీవు తీసుకొమ్మని తీర్పు చెప్పారు.

షరీఅత్ న్యాయస్థానం అనగానే చాలామందికి శిక్షలే గుర్తుకొస్తాయి. మాకు మాత్రం ముందుగా గుర్తుకు వచ్చేది ఆ తల్లి, ఆ ఇద్దరు పిల్లలు.

ఆ న్యాయస్థానానికి కొన్ని పద్ధతులున్నాయి. దావా వేసినవాడు సాక్ష్యం తేవాలి. కాదన్నవాడు ప్రమాణం చేయాలి. కోపంలో ఉన్న ఖాజీ తీర్పు చెప్పరాదు. అలీ (రజి) గారిని యెమెన్‌కు న్యాయాధికారిగా పంపుతూ, రెండవ పక్షం మాట వినకుండా తీర్పు చెప్పవద్దని ప్రవక్త ఉపదేశించారు. ఈ చివరి మాటను గుర్తుంచుకోండి. మళ్లీ దాని దగ్గరికే వస్తాము.

ఇక మన సీమ సంగతి. కడప 1800లో నిజాం నుండి కంపెనీ చేతికి వెళ్లింది. కర్నూలు నవాబుల పాలన 1839లో ముగిసింది. కంపెనీ కోర్టులలోనూ ఖాజీలు, ముఫ్తీలు న్యాయాధికారులకు షరీఅత్‌ను వివరించే ఉద్యోగులుగా ఉండేవారు. 1864 చట్టంతో ఆ ఉద్యోగాలు పోయాయి. 1880లో వచ్చిన ఖాజీల చట్టం మొట్టమొదట మద్రాసు రాజధానికే వర్తించింది. దానితో ప్రభుత్వ నియామకం తిరిగి వచ్చింది కాని, తీర్పు చెప్పే అధికారం రాలేదు; ఆ మాట చట్టంలోనే స్పష్టంగా ఉంది. దారుల్ ఖజా తీర్పును ఇష్టపడనివారిపై బలవంతంగా అమలు చేయజాలరనీ, ఒక వ్యక్తి తానుగా అడగనిదే అతని హక్కులపై ఫత్వా ఇవ్వరాదనీ 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. దీనికి నొచ్చుకున్నవారు ఉన్నారు. అలీ (రజి) గారికి ఇచ్చిన ఉపదేశం తెలిసినవారు నొచ్చుకోవలసిన పని లేదని మా అభిప్రాయం.

మరి షరీఅత్ న్యాయం మన జిల్లాలలో లేదా? ఉంది, సోదరులారా! సివిల్ కోర్టులో ఉంది. 1937 షరీఅత్ చట్టం ముస్లింల వారసత్వానికి ఆచారాన్ని తొలగించి షరీఅత్‌నే నియమంగా నిలిపింది. అయితే వ్యవసాయ భూమిని విడిచిపెట్టింది. ఇళ్లకంటె పొలాలే ఆస్తిగా ఉన్న మనవంటివారికి అది ఎంత పెద్ద లోటో ఊహించండి. 1949లో మద్రాసు శాసనసభ ఆ మినహాయింపును తీసివేసింది. అప్పుడు కర్నూలు, కడప మద్రాసు రాష్ట్రంలోనివే. కనుక మన నల్లరేగడి చేలకూ, మెట్ట పొలాలకూ ఖుర్ఆన్ వాటాలే చట్టం.

ఒక తండ్రి 16 ఎకరాలు వదిలి మరణించాడనుకోండి. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. ముందు అంత్యక్రియల ఖర్చు, అప్పులు తీర్చాలి. చెల్లించని మహర్ కూడా అప్పే. వసీయత్ ఉంటే మూడో వంతుకు మించకుండా నెరవేర్చాలి. పోగా 16 ఎకరాలూ మిగిలితే భార్యకు 2, కొడుకుకు 7, కూతుళ్లకు తలా మూడున్నర. ఇంతే లెక్క. పెళ్లిలో ఇచ్చిన జహేజ్ ఇందులో చెల్లుబడి కాదు. తండ్రి బతికుండగా కూతురు వాటా వదులుకున్నానన్నా అది చెల్లదు. అప్పటికి ఆ హక్కే పుట్టలేదు.

మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఎన్నో ఏళ్ల క్రితం ఒక పల్లెలో అన్నదమ్ములు మమ్మల్ని పిలిచి, చెల్లెలు ఇష్టపూర్వకంగా వదులుకున్నదని చెప్పి కాగితం ముందుంచారు. పెద్దమనుషులు తలలూపారు. మేమూ సాక్షిగా సంతకం చేశాము. బయలుదేరుతుండగా తెర వెనుక నుండి ఆ అమ్మాయి గొంతు వినిపించింది: “హజ్రత్, నన్ను అడిగినవారు ఎవరు?” చెప్పడానికి మా దగ్గర మాట లేదు. వెనుదిరిగి కూర్చొని కాగితం చించమన్నాము. ఆ ఇంట మాకు మళ్లీ పిలుపు రాలేదు.

ఉమ్మె సలమా (రజి) తెలిపిన హదీసు ఆ రాత్రి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఇద్దరు మనుషులు పాత వారసత్వపు తగవుతో వచ్చారు. ఇద్దరికీ సాక్ష్యం లేదు. తామూ మానవులమేననీ, విన్నదానిని బట్టి తీర్పు చెబుతామనీ, మాటకారితనం వల్ల సోదరుని హక్కు ఎవరికైనా దక్కితే అది నిప్పు ముక్కేననీ ప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఇద్దరూ ఏడ్చారు. నా హక్కు నా సోదరునికే అన్నారు ఒకరి తర్వాత ఒకరు. అయినా ప్రవక్త అంతటితో వదలలేదు. న్యాయంగా పంచుకొని, చీట్లు వేసుకొని, ఆపై ఒకరినొకరు క్షమించుకొమ్మన్నారు. ముందు పంపకం, తర్వాతే క్షమాపణ. మన ఇళ్లలో ఈ క్రమం తలక్రిందులవుతున్నది.

వాటాల లెక్క కోసం జుమా తర్వాత మా వద్దకు వచ్చేవారు పట్టాదారు పాసుపుస్తకం, అప్పుల వివరం, నికాహ్‌నామా తీసుకొని రండి. అక్కాచెల్లెళ్లను వెంట తీసుకొని రండి. వారు దూరాన ఉంటే, వచ్చేవరకు మేము ఆగుతాము.