లూనా పోయింది, లూనా చట్టం మిగిలింది

పదహారేళ్ల పిల్లవాడు మన దేశంలో మోటారు బండి నడపవచ్చా? నడపవచ్చు. 1988 మోటారు వాహనాల చట్టం నాలుగో సెక్షన్ చూడండి. పద్దెనిమిదేళ్లు నిండనివారు బహిరంగ స్థలంలో ఏ మోటారు వాహనమూ నడపకూడదంటూనే ఒక్క మినహాయింపు ఇచ్చింది: ఇంజన్ 50 సీసీకి మించని ద్విచక్ర వాహనాన్ని పదహారు నిండినవారు లైసెన్సుతో నడపవచ్చు. కొత్తగా బండెక్కేవాళ్ల చేతికి తక్కువ బలమున్న బండే ఇవ్వాలని మన చట్టం ఆలోచించింది ఈ ఒక్కచోటే.

చిక్కేమిటంటే, ఆ బండి ఇప్పుడు లేదు. మహారాష్ట్రలోని నాందేడ్‌లో ఏ షోరూమ్‌కు వెళ్లి 50 సీసీ పెట్రోలు బండి కావాలన్నా సేల్స్‌మన్ నవ్వుతాడు. ఆ ఊళ్లో ఈ ప్రశ్నకు బరువెక్కువ. నీట్ కోచింగ్‌కు పేరుపడ్డ ఊరు కనక జిల్లా నలుమూలల నుంచీ పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు అక్కడికి చేరతారు. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల నుంచి వచ్చేవాళ్లలో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే పిల్లలూ ఉంటారు. 1956 దాకా నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రంలోదే కదా. ఇలాంటి పిల్లలున్న ఇంట్లో ముందుగా వచ్చే పేచీ బండి గురించే.

చట్టం రాసినవాళ్ల కళ్ల ముందు ఏ బండి ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. దాని తాతముత్తాతలు యూరప్‌వాళ్లు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కార్లు కొనలేని జనం కోసం ఫ్రాన్సులో మోటోబెకాన్ కంపెనీ 1949లో మోబిలెట్ తెచ్చింది. సైకిలుకు చిన్న ఇంజన్ తగిలించినట్టుండే ఆ మోపెడ్ కోటికి పైగా అమ్ముడుపోయింది. ఆ కంపెనీ సాంకేతికతతోనే తిరుపతిలో మోపెడ్స్ ఇండియా లిమిటెడ్ సువేగా తయారు చేసింది. సువేగా మన తెలుగునేల మీద పుట్టిన బండి అని ఇప్పటి కుర్రాళ్లకు చెబితే నమ్మరు. మహారాష్ట్ర వంతు 1972లో వచ్చింది. ఇటలీ పియాజియో వాళ్ల చావ్ మోపెడ్ నమూనాగా, ఫిరోదియా కుటుంబానికి చెందిన కైనెటిక్ ఇంజనీరింగ్ లూనాను దించింది. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చి, మోపెడ్ మీద ఇద్దరు కూర్చునే అలవాటు చేసింది. 1990లో బజాజ్ వాళ్ల సన్నీ వచ్చింది. అదీ 50 సీసీయే, కాకపోతే పెడళ్లు లేవు, కాలేజీ పిల్లల సోకు.

లూనాకు గేర్లు లేవు, క్లచ్ లివర్ లేదు. స్టాండు వేసి, సైకిలు తొక్కినట్టు పెడళ్లు తొక్కితే ఇంజన్ అందుకునేది. ఎత్తు ఎక్కలేకపోతే మళ్లీ అవే పెడళ్లు. టూ స్ట్రోక్ ఇంజన్ కాబట్టి పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోయించాలి. పాళ్లు ఎక్కువైతే ప్లగ్గు నల్లగా మసిపట్టి నిప్పురవ్వ రాదు. ప్లగ్గు విప్పి గీకుపేపరుతో రుద్ది, చొక్కా అంచుతో తుడిచి మళ్లీ బిగించడం లూనా ఉన్న ప్రతి ఇంట్లో తెలిసిన పనే. అప్పుడప్పుడూ మెకానిక్ సైలెన్సర్ విప్పి, లోపల పేరుకున్న బొగ్గును మంటపెట్టి కాల్చేవాడు. పొగ పోయే దారి మూసుకుపోతే లోపలికి కొత్త గాలి రాదు, బండి లాగదు.

ఈ గాలి సంగతి దగ్గర కాస్త ఆగాలి. ఇంజన్ బలమంతా పెట్రోలులో ఉందనుకుంటాం గానీ, పగ్గం ఉన్నది గాలి చేతిలో. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. నిమిషానికి ఎంత గాలి మింగగలదో ఇంజన్ బలం అంత. సిలిండర్ చిన్నదైతే ఒక్కో గుక్క చిన్నది, 50 సీసీ పరిమితి వెనకున్న తర్కం ఇదే. అయితే చిన్న గుక్కలే నిమిషానికి రెట్టింపు సార్లు మింగితే? లెక్క తారుమారవుతుంది.

బ్రిటన్‌కు ఇది అనుభవమే. 1971లో అక్కడి ప్రభుత్వం పదహారేళ్ల వాళ్లు పెడళ్లున్న 50 సీసీ మోపెడ్లు తప్ప మరేమీ నడపరాదంది. మోటారుసైకిళ్ల మీద పిల్లలు చచ్చిపోతున్నారన్న బాధతో చేసిన నిబంధన అది. యమహా ఏం చేసింది? ఎఫ్‌ఎస్1-ఈ అని, చూడ్డానికి అచ్చమైన చిన్న మోటారుసైకిల్‌కు పేరుకు పెడళ్లు తగిలించి అమ్మింది. 50 సీసీలోనే దాదాపు అయిదు హార్స్‌పవర్లు పిండి, గంటకు డెబ్బై కిలోమీటర్లు పరుగెత్తించింది. మన లూనా అదే 50 సీసీతో ఒకటి రెండు హార్స్‌పవర్ల మధ్య ఉండి, నలభై దాటడానికి ఆయాసపడేది. చివరికి 1977లో బ్రిటన్ ఆ పెడళ్ల షరతు తీసేసి గంటకు 30 మైళ్ల వేగ పరిమితి పెట్టుకుంది. సీసీ అనేది సిలిండర్ ఎంత పట్టిందో చెబుతుంది తప్ప బండి ఏం చేయగలదో చెప్పదు.

ఈ సంగతి తలకెక్కాక యూరప్ కిలోవాట్లలోకి దిగింది. 2013 జనవరి నుంచి అక్కడ మూడు మెట్లు. పదహారేళ్లకు ఏ1 లైసెన్సు: 125 సీసీ, 11 కిలోవాట్లు, బండి బరువులో కిలోకు 100 వాట్లు దాటకూడదు. పద్దెనిమిదేళ్లకు ఏ2: 35 కిలోవాట్లు, కిలోకు 200 వాట్లు. ఆ మెట్టు మీద రెండేళ్లు గడిపితే ఏ బండైనా. ఆస్ట్రేలియాలోనూ ఇలాంటి నియమమే ఉంది. అక్కడ ఇంజన్ 660 సీసీ దాకా ఉండొచ్చు గానీ, బండి బరువుకు తొక్కేవాడి బరువుగా 90 కిలోలు కలిపి, కిలోకు 150 వాట్లు మించనివ్వరు.

పెద్ద బండిని ఈ గీత కిందికి దించడం ఎలా? పాత పద్ధతిలో కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య వేలి ఉంగరమంత వాషర్ ఒకటి పెడతారు, గాలి దారి ఇరుకవుతుంది. లేదా యాక్సిలరేటర్ పూర్తిగా తిరగకుండా అడ్డు బిగిస్తారు. ఇప్పటి బండ్లలో కంప్యూటరే గాలి తలుపును సగం దాకా తెరిచి ఆపేస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దానికి కావలసిన గాలే కొంచెం, వాషర్ అడ్డే రాదు. పైవేగంలోనే ఊపిరాడదు. అంటే పగ్గం వేసిన పెద్ద బండి కూడా సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడగానే పెద్ద బండిలాగే దూకుతుంది. కొత్తవాళ్లు పడేది ఎక్కువగా అలాంటి తక్కువ వేగంలోనే, మలుపుల్లో, ఇసుక మీద.

ఇక మన దేశపు విడ్డూరం. యూరప్ పదహారేళ్ల పిల్లల ఏ1 లైసెన్సు కోసం గీసిన కేటీఎం 125 డ్యూక్ తయారైంది పుణె దగ్గర చాకణ్‌లో, బజాజ్ ఫ్యాక్టరీలో. ఏ2 గీతలో ఇమిడే 390 డ్యూక్‌దీ అదే పుట్టిల్లు. చెన్నై రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 బండ్లను చూడండి: ఇంజన్ 648 సీసీ, బలం 47 హార్స్‌పవర్లు, అంటే సుమారు 35 కిలోవాట్లు. ఆస్ట్రేలియా 660, యూరప్ 35 రెండూ దాటకుండా ఉన్న ఆ కొలతలు యాదృచ్ఛికమంటే నేను నమ్మను. పరాయి దేశపు కొత్త రైడర్ల కోసం ఇంత శ్రద్ధగా బండ్లు చేసే దేశంలో, సొంత కుర్రాడికి ఏ మెట్లూ లేవు. పద్దెనిమిది నిండి, వంద సీసీ బండి మీద ఎనిమిది అంకె వేసి ఆర్టీవోలో పాసైతే, అదే కార్డుతో మర్నాడు 390 ఎక్కి నాందేడ్ నుంచి దెగ్లూర్ మీదుగా సంగారెడ్డికి వెళ్లే 161వ నంబరు జాతీయ రహదారి పట్టవచ్చు. వేగం రెట్టింపైతే బ్రేకులు చల్లార్చాల్సిన శక్తి నాలుగు రెట్లు అని భౌతికశాస్త్రం పుస్తకంలో అదే ఏడు చదివి ఉంటాడు.

50 సీసీ ఎందుకు పోయింది? టూ స్ట్రోక్ ఇంజన్‌లో కొత్త గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే సమయంలోనే పాత పొగ బయటికి పోవాలి. ఆ తోపులాటలో కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్‌లోకి జారిపోతుంది. 1990ల నుంచి బిగుస్తూ వచ్చిన కాలుష్య నిబంధనలకు ఆ ఇంజన్ నిలవలేదు. జనం కూడా వంద సీసీ ఫోర్ స్ట్రోక్‌కు మళ్లారు. పెడళ్ల కుటుంబంలో మిగిలిన టీవీఎస్ ఎక్స్‌ఎల్ సైతం ఇప్పుడు 99.7 సీసీ. లూనా 2024 ఫిబ్రవరిలో ఈ-లూనాగా బ్యాటరీతో తిరిగొచ్చింది. బ్యాటరీ బండికి సీసీ ఏది? చట్టంలో మాట మాత్రం ఇంకా సీసీయే.

జపాన్‌కూ ఇదే సమస్య వచ్చింది. అక్కడా పదహారేళ్లకు 50 సీసీ లైసెన్సు, అక్కడా కాలుష్య నిబంధనల దెబ్బకు ఆ ఇంజన్లకు కాలం చెల్లింది. వాళ్లు ఊరుకోలేదు. 125 సీసీ దాకా ఉన్న బండినైనా 4 కిలోవాట్లకు తగ్గిస్తే పాత లైసెన్సుతోనే నడపవచ్చని 2025 ఏప్రిల్ నుంచి నియమం మార్చారు. మన దగ్గర ఆ ఒక్క సవరణ చేసినా, ఇప్పుడున్న ఇంజన్లకే పగ్గం వేసి పదహారేళ్ల వాళ్లకు చట్టబద్ధమైన బండి ఇవ్వవచ్చు. మనం 2019లో చేసింది ఇంకొకటి, 199ఏ సెక్షన్. అర్హత లేని మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. శిక్ష పెద్దదే. తప్పు కాదనను. కానీ తలుపు మూసినవాళ్లు కిటికీ అయినా తెరవాలి కదా.

అందాకా లెక్క మనమే వేసుకోవాలి. షోరూమ్‌లో ఇచ్చే కాగితంలో హార్స్‌పవర్ అంకెను 735తో గుణించి, బండి బరువుతో భాగించండి. స్ప్లెండర్‌కు కిలోకు సుమారు 52 వాట్లు వస్తుంది, హోండా యూనికార్న్‌కు 70 దరిదాపు, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి 76, 200 డ్యూక్‌కు 115-120 మధ్య, 390 డ్యూక్‌కు దాదాపు 200. చూడండి, 349 సీసీ క్లాసిక్ ఈ లెక్కలో 200 సీసీ డ్యూక్ కంటే సాధువు. అయితే దాని 195 కిలోలు సన్నటి కుర్రాడు సందులో తిప్పుకోలేడు, కాబట్టి బరువునూ చూడాలి. ఇంకొకటి, 2018-19లో వచ్చిన నియమం 125 సీసీ దాటితేనే ఏబీఎస్ తప్పనిసరి చేసింది, దానికి లోపైతే రెండు చక్రాలకూ కలిపి పడే కాంబీ బ్రేకు చాలంది. తడిరోడ్డు మీద ముందు చక్రం పట్టేసి జారకుండా కాపాడేది ఏబీఎస్.

మీ పిల్లలకు పద్దెనిమిది నిండి, మొదటి బండి కొంటుంటే నా మాట ఇది: 150 కిలోల లోపు బరువు, 11 కిలోవాట్ల లోపు బలం, ఏబీఎస్ ఉన్న 150-160 సీసీ బండి కొనండి, రెండేళ్లు దాని మీదే తిరగనివ్వండి. పద్దెనిమిది నిండలేదా, లైసెన్సు అక్కర్లేని, గంటకు 25 కిలోమీటర్లు దాటని 250 వాట్ల లోపు బ్యాటరీ స్కూటర్ ఉంది, హెల్మెట్‌తో సహా అది ఇవ్వండి. మీ స్కూటర్ తాళాలు మాత్రం ఇవ్వకండి.