మొటిమలకు సోయా మందా?

మా ఇంట్లో ఉండి చదువుకుంటున్న నా మేనకోడలు ఒకనాడు తన గదిలోని అద్దాన్ని గోడవైపు తిప్పి పెట్టింది. కారణం అడగనక్కరలేకపోయింది. రెండు చెంపల నిండా మొటిమలు!

"వయసు మొటిమలే, పెళ్ళయితే అవే పోతాయి," అన్నది మా అమ్మ. నేను కాలేజీలో చెప్పేది తెలుగు పాఠాలే అయినా, చదివిన ప్రతిదీ ఇంటివాళ్ళమీద ప్రయోగించే దురలవాటు ఒకటి ఉన్నది. జపాను స్త్రీల చర్మం నిగనిగకు పులియబెట్టిన సోయా కారణమని ఎక్కడో చదివి, "మందులెందుకే, ఇది తిను," అన్నాను. "సరే అత్తా," అని పాపం, ఆరు నెలలు తిన్నది.

ఇంతకూ ఏమిటీ పదార్థం? ఉడికించిన సోయా గింజలను ఒకజాతి బాక్టీరియాతో సుమారు ఒకరోజు వెచ్చగా ఉంచితే జపానువారి నాటో. తీగలు తీగలుగా సాగుతుంది. వాసన అలవాటు లేనివారు ముక్కు మూసుకోవలసిందే! జావావారి టెంపేను బూజుతో చేస్తారు. గింజలన్నీ కలిసి అచ్చులా గట్టిపడతాయి. మన దేశంలోనే సిక్కింలో కినేమా, మణిపూరులో హవాయిజార్ ఉన్నాయి. మన మీల్ మేకర్ మాత్రం పులిసినది కాదు. నూనె తీసిన సోయాపిండితో చేసినది.

మొటిమలతో దీనికేమి సంబంధం? ఆండ్రోజన్లనే హార్మోనులు స్త్రీల శరీరంలోనూ ఉంటాయి. అవి చర్మంలోని నూనె గ్రంథులను పురికొల్పుతాయి. రంధ్రం పూడి, సూక్ష్మజీవులు పెరిగి, వాచితే అది మొటిమ. సోయాలోని ఐసోఫ్లేవోన్లకు హార్మోనుల పోలిక కొంత ఉన్నది. కొందరి పేగుల్లోని బాక్టీరియా వాటిలో ఒకదానిని ఈక్వాల్‌గా మారుస్తుంది. ఆండ్రోజన్ల జోరును అది తగ్గించవచ్చునని శాస్త్రజ్ఞుల ఊహ. అయితే ఈ మార్పు అందరి పేగుల్లోనూ జరగదు.

2015లో ఇండోనేషియాలో కొద్దిమంది స్త్రీలకు ఐసోఫ్లేవోన్లు ఇచ్చి చూస్తే మొటిమలు తగ్గాయన్నారు. కాని వారికిచ్చింది ఐసోఫ్లేవోన్లే. టెంపే కూర కాదు! పైగా అంత చిన్న పరీక్షతో తీర్పు చెప్పటానికి వీలులేదు.

చివరకు చర్మవైద్యురాలి దగ్గరకు తీసుకుపోయాను. నెలసరి సక్రమంగా వస్తున్నదా, ముఖంమీద వెంట్రుకలు పెరుగుతున్నాయా అని ముందుగా అడిగింది. అండాశయాల హార్మోనుల్లో తేడా ఉన్నా మొటిమలు వస్తాయట. స్నేహితురాళ్ళు చెప్పిన తెల్లబరిచే క్రీములు రాయవద్దన్నది. స్టెరాయిడ్ కలిసినవాటితో మొటిమలు ఇంకా ముదురుతాయట. పూతమందు రాసిచ్చి, గుణం కనిపించటానికి రెండు మూడు నెలలు పడుతుందన్నది. తరువాత నావైపు చూసి, "మొటిమ తగ్గుతుందండీ, గుంట మిగులుతుంది. ఆరు నెలల ముందే రావలసింది," అన్నది.

టెంపే వేపుడు ఇప్పటికీ మా ఇంట్లో చేస్తాము. మాంసకృత్తులున్న మంచి ఆహారం. కూరగా తింటే చాలు, దానిని నమ్ముకుని వైద్యం మానుకోకండి. మేనకోడలి అద్దం మళ్ళీ ఇటు తిరిగింది. ఎడమచెంపమీద రెండు చిన్న గుంటలు మాత్రం ఉండిపోయాయి. వాటి సంగతి అది ఎన్నడూ ఎత్తదు. నాకే గుర్తుకు వస్తూంటుంది.