ఉద్యోగం పోయిన రోజున అడగవలసిన కాయితం



ఇంట్లో పప్పు నిండుకుంటే మనకు ముందే తెలుస్తుంది. డబ్బా అడుగు కనబడుతుంది గనక. ఇంటికి వచ్చే జీతం ఆగిపోయే రోజు మాత్రం చెప్పి రాదు. అందులోనూ అది సర్కారు కొలువైతే, అటువంటి రోజు వస్తుందని అనుకోనే అనుకోము. పెళ్లిచూపుల నాడే "గవర్నమెంటు ఉద్యోగం, ఇంక భయమేముంది?" అని పెద్దవాళ్లు నిశ్చింతగా కాఫీ తాగేస్తారు. ఆ నిశ్చింతలో నిజమెంత? ఉద్యోగం పోతే మన చేతికి వచ్చేదేమిటి, రానిదేమిటి? ఈవేళ ఆ సంగతి ముచ్చటించుకుందాం.

ముందు మా ఇంటి ముచ్చట ఒకటి చెబుతాను. మా పెద్దమ్మను ఉదయగిరి తాలూకాలో ఒక పల్లెకు ఇచ్చారు. పెదనాన్న ఆ ఊరి కరణం. వాళ్ల నడవలో ఒక పెద్ద చెక్కపెట్టె ఉండేది. అడంగళ్లు, శిస్తు లెక్కలు అన్నీ అందులోనే. పిల్లలం దాని మీద కూర్చుంటే పెదనాన్న కేకలేసేవారు. 1984 జనవరి 6న రామారావుగారి ప్రభుత్వం ఆర్డినెన్సు జారీ చేసి, కరణం, మునసబు వంటి గ్రామాధికారుల పోస్టులను రాష్ట్రమంతటా రద్దు చేసింది. ఆ కబురు మా పెదనాన్నకు రేడియో వార్తల్లోనే తెలిసింది. కొద్దిరోజులకు తాలూకా ఆఫీసు వాళ్లు వచ్చి రికార్డులు పట్టుకుపోయారు. పెట్టె ఖాళీ అయింది.

కరణం అరుగు చుట్టూ తిరిగి తిరిగి వేసారిన రైతులు ఆ రోజు సంతోషించారు. వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి, కాదనను. నేను చెప్పబోయేది మా పెద్దమ్మ వంటింటి గడపలో నిలబడి అడిగిన ప్రశ్న. "ఇన్నేళ్లు చేస్తిరి గదండీ. ఊరికే పొమ్మంటే ఎట్టా? ఏమన్నా ఇస్తారా, ఇయ్యరా?"

పెదనాన్న దగ్గర జవాబు లేదు. కోర్టులకు వెళ్లినవాళ్లు వెళ్లారు. 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పోస్టును రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది, పోస్టు రద్దు కావటం ఉద్యోగికి వేసిన శిక్ష కాదు అన్నది దాని సారాంశం. తమిళనాడులో 1980లో ఇలాగే గ్రామోద్యోగాలు రద్దయితే, 1982లో ఇదే కోర్టు ఇదే మాట అన్నది. శిక్ష కాదు గనక ముందుగా సంజాయిషీ అడగటం, విచారణ జరపటం అక్కరలేదు. పైగా చట్టంలో వారి పేరే "పార్టుటైము గ్రామాధికారులు". ఊళ్లో ఎంత పెత్తనం చేసినా కాయితం మీద ఆయనది పూర్తి ఉద్యోగం కాదన్నమాట. అర్హతలున్న కొందరికి తర్వాత వచ్చిన గ్రామపాలన ఏర్పాట్లలో చోటు దొరికింది. మా పెదనాన్నకు దొరకలేదు. ఉదయగిరిలో చెట్టుకింద కూర్చుని పదిమందికీ అర్జీలు రాసిపెట్టి సంసారం ఈడ్చారు.

ఆ ఇంటిని చూసి నేను నేర్చుకున్నది ఒక్కటే. ఉద్యోగం పోయినప్పుడు మనకు ఏమి వస్తుందనేది మనం పడ్డ కష్టాన్ని బట్టి తేలదు. రెండు మాటలను బట్టి తేలుతుంది. చేరేటప్పుడు కాయితంలో ఏమని రాశారు? పోయేటప్పుడు ఏమని రాశారు?

మొదటి మాట చూద్దాం. పర్మనెంటు సర్కారు ఉద్యోగి పోస్టు రద్దయితే, మన రాష్ట్రపు 1980 పెన్షను నిబంధనల్లో దానికో దారి ఉంది. దాన్ని పరిహార పెన్షను అంటారు. వేరే పోస్టు ఇస్తామంటే అందులో చేరి పాత సర్వీసు కలుపుకోవచ్చు, లేదా ఆ పెన్షను తీసుకోవచ్చు. మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా ఆ మూడు నెలల జీతమైనా ఇవ్వాలి. పదేళ్ల సర్వీసు నిండితే నెలనెలా పెన్షను. నిండకపోతే ఒక్కసారిగా ఇచ్చే గ్రాట్యుటీ. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారిది వేరే పద్ధతి. వారు తమ ఆఫీసులోనే వివరం కనుక్కోవాలి. తప్పు చేశాడని డిస్మిస్ చేస్తే మాత్రం గడిచిన సర్వీసంతా నీళ్లపాలవుతుంది. రద్దు వేరు, డిస్మిస్ వేరు. ఇంటికి వచ్చినవాడు ఒకడే అయినా కాయితం మీద ఇద్దరు.

ఈ రోజుల్లో సర్కారు ఆఫీసుల్లో పనిచేసే ఆడపిల్లల్లో చాలామంది పర్మనెంటు కాదు. ఏజెన్సీ ద్వారా చేరినవాళ్లు, గౌరవ వేతనం మీద చేరినవాళ్లు ఎక్కువ. గ్రామ వాలంటీర్ల సంగతి చూడండి. 2019 ఆగస్టు 15న ఆ ఏర్పాటు మొదలైంది. పల్లెల్లో 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయలు. 2024 ఎన్నికల ముందు చాలామంది రాజీనామా చేశారు. ఎన్నికల తర్వాత ఆ ఏర్పాటే కొనసాగలేదు. అది మంచా చెడా అనేది ఇక్కడ మన విషయం కాదు. వారికి ఇచ్చినదాని పేరు జీతం కాదు, గౌరవ వేతనం. ప్రావిడెంటు ఫండు కోత లేదు, ఇ.ఎస్.ఐ. కోత లేదు. 5,000కు 5,000 చేతికి వచ్చాయని సంతోషించిన పిల్లకు, ఆగిపోయిన రోజున అడగటానికి ఏమీ మిగల్లేదు. కోత లేని చోట హక్కూ లేదు.

ఈ సూత్రం మన దేశానిదే కాదు. 1911లో బ్రిటన్‌లో నిరుద్యోగ బీమా చట్టం వచ్చింది. కొన్ని పరిశ్రమల్లోని పనివాడికి ఒక కార్డు ఇచ్చేవారు. వారం వారం కూలిలోంచి కొన్ని పెన్నీలు పట్టుకుని, యజమాని వాటా కలిపి, ఆ కార్డు మీద స్టాంపు అంటించేవారు. పని పోతే వారానికి 7 షిల్లింగులు, ఏడాదిలో 15 వారాలకు మించకుండా ఇచ్చేవారు. స్టాంపులు ఉన్నంత వరకే డబ్బు. తనంతట తాను కారణం లేకుండా మానుకున్నవాడికి ఆరు వారాలు ఆగితే గాని ఇవ్వరు. నూరేళ్లు దాటినా ఈనాటికీ చాలా దేశాల్లో లెక్క సుమారుగా ఇదే.

ఇక రెండో మాట. పోయేటప్పుడు ఏమని రాశారు? ఆత్మకూరులో మా చిన్నాన్న కోడలు ఉంది. రోజూ బస్సులో నెల్లూరు వెళ్లి ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునేది. ఏజెన్సీ ఉద్యోగం, జీతం 15,000 రూపాయలు. ఒకనాటి సాయంత్రం నాకు ఫోను చేసింది.

"వదినా, రేపట్నుంచి రావద్దని ఫోన్లో చెప్పినారు. ఒక కాయితం పంపి సంతకం పెట్టమంటున్నారు. పెడితేనే ఈ నెల జీతం ఇస్తారంట."

"కాయితంలో ఏముంది చదువు."

"నా సొంత కారణాల వల్ల మానుకుంటున్నాను అని ఉండాది."

"నువ్వు మానుకుంటున్నావా?"

"నేనెందుకు మానుకుంటాను వదినా!"

"అయితే సంతకం పెట్టవద్దు."

చెప్పటం నాకు తేలికే. ఆ పిల్ల ఇంట్లో అద్దె కట్టాలి, పిల్లవాడి స్కూలు ఫీజు కట్టాలి. ఆ 15,000 ఆగితే ఎలాగని రాత్రంతా మథనపడింది. తెల్లవారి నేను చెప్పినట్టు ఒక ఉత్తరం రాసింది. ఫలానా తేదీన మీరే రావద్దని చెప్పారు, తొలగింపు ఉత్తర్వు కాయితం మీద ఇప్పించండి, నాకు రావలసిన జీతం చెల్లించండి అని రిజిష్టరు పోస్టులో, రసీదు వచ్చేటట్టుగా పంపింది. జీతం మూడు వారాలు ఆలస్యమైంది. ఆ మూడు వారాలూ వాళ్లింట్లో గ్యాసు బండకు కూడా తడుముకోవలసి వచ్చింది. చివరకు జీతమూ వచ్చింది, ఉత్తర్వూ వచ్చింది.

ఆ ఉత్తర్వుతో ఏమి చేసింది? ఇ.ఎస్.ఐ. అంటే ఆసుపత్రి ఒక్కటే అనుకుంటాం. 2018 జూలై 1 నుంచి దాని కింద ఉద్యోగం పోయినవారికి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అనే పథకం ఉంది. మొదట సగటు రోజుకూలిలో పాతిక వంతు ఇచ్చేవారు. 2020లో దాన్ని సగం చేశారు. 90 రోజులకు మించి ఇవ్వరు. జీవితంలో ఒక్కసారే. పథకానికి పెట్టిన గడువును పొడిగిస్తూ వచ్చారు గనక, అడగబోయే ముందు ఇప్పటి సంగతి ఇ.ఎస్.ఐ. బ్రాంచి ఆఫీసులో కనుక్కోవాలి.

అర్హతలు ఇవి. ఉద్యోగం పోకముందు కనీసం రెండేళ్లు బీమా ఉన్న ఉద్యోగంలో ఉండాలి. ఇ.ఎస్.ఐ. వారు ఏడాదిని రెండు అర్ధభాగాలుగా లెక్కిస్తారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఒకటి. ఉద్యోగం పోవటానికి సరిగ్గా ముందున్న అర్ధభాగంలో 78 రోజులకు, ఆ రెండేళ్లలోని మిగతా మూడింటిలో ఏదో ఒకదానిలో మరో 78 రోజులకు చందా కట్టి ఉండాలి. తప్పు చేసి తొలగింపబడ్డవారికీ, పదవీ విరమణ చేసినవారికీ, స్వచ్ఛంద విరమణ తీసుకున్నవారికీ ఇది రాదు. ఉద్యోగం పోయి 30 రోజులు దాటాక అర్జీ పెట్టుకోవాలి.

మా మరదలికి ఇక్కడొక భయం పట్టుకుంది. రెండేళ్లలో ఏజెన్సీ రెండుసార్లు మారింది. "ఇంక నా లెక్క తెగిపోయినట్టే గదా వదినా?" అంది. తెగలేదు. ఏజెన్సీలు మారినా ఆమె బీమా నంబరు మారలేదు. చందా మనిషి పేరున ఉంటుంది, ఏజెన్సీ పేరున కాదు. జీతం చీటీలు ముందు వేసుకుని రోజులు లెక్కపెట్టాం, సరిపోయాయి. రోజుకు సుమారు 250 రూపాయల చొప్పున 90 రోజులకు 22,500 రూపాయలు వచ్చాయి. రాజ్యమేమీ రాలేదు. కాని అద్దె ఆగలేదు, పిల్లవాడు బడి మానలేదు. ఒకప్పుడు నెలకు నూటపన్నెండు రూపాయల చిల్లర కోత పడుతోందని విసుక్కున్న పిల్ల ఈ పిల్లే.

మరి కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. ప్రావిడెంటు ఫండు మన సొంత సొమ్ము. ఉద్యోగం పోయాక కొంత ముందూ, మిగతాది గడువు నిండాకా తీసుకోవచ్చు. ఆ గడువులు మారుతుంటాయి. పింఛనుకు పదేళ్లు కావాలి గనక, తొందరపడి అంతా ఊడ్చుకోకండి. అయిదేళ్లు ఎడతెగకుండా పనిచేస్తే మామూలుగా ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ అడగవచ్చు.

కొందరు "ప్రభుత్వం నిరుద్యోగ భృతి ఇస్తుంది గదా" అంటారు. 2018 అక్టోబరులో మన రాష్ట్రంలో యువనేస్తం వచ్చింది. నెలకు 1,000, తర్వాత 2,000 రూపాయలు ఇచ్చారు. అది 22 నుంచి 35 ఏళ్ల లోపు చదువుకున్న నిరుద్యోగులకు ఉద్దేశించింది. 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయింది. ఒక ప్రభుత్వం దయతో ఇచ్చేది మరో ప్రభుత్వం ఆపవచ్చు. మన చందా మీద వచ్చే హక్కుకు ఉన్న బలం దానికి లేదు. ఎంప్లాయిమెంటు ఎక్స్చేంజిలో పేరు నమోదు చేయించుకోవటం మంచిదే. అయితే అది పని వెతుక్కునే దారి, భృతి ఇచ్చే దారి కాదు.

మగవారు ఆఫీసు కాయితాల సంగతి ఇంట్లో చెప్పరు. మనమూ అడగం. ఇంటి పట్టా ఎక్కడుందో మనకు తెలుసు, బంగారం రసీదు ఎక్కడుందో తెలుసు. ప్రావిడెంటు ఫండు నంబరు మాత్రం తెలియదు. ఒక ఫైలు పెట్టండి. చేరిన నాటి ఉత్తర్వు, నెలనెలా జీతం చీటీ, ప్రావిడెంటు ఫండు నంబరు, ఇ.ఎస్.ఐ. నంబరు, బ్యాంకు పుస్తకం నకలు అందులో ఉంచండి. పర్మనెంటు ఉద్యోగమైతే సర్వీసు రిజిష్టరు నకలు కూడా. మీ అమ్మాయి ఎక్కడైనా చేరుతుంటే "జీతమెంత?" అని మాత్రమే అడగకండి. "అందులో కోత ఏమేమి పడుతుంది?" అని కూడా అడగండి. "రేపట్నుంచి రావద్దు" అన్న రోజున ఏడుపు వస్తుంది, ఏడవండి, తప్పులేదు. కాని "నేనే మానుకుంటున్నాను" అన్న కాయితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

పెద్దమ్మ పోయాక ఆ చెక్కపెట్టె మా ఇంటికి వచ్చింది. మా ఇంట్లో అందరి ఉద్యోగాల కాయితాలూ ఇప్పుడు అందులోనే ఉన్నాయి. ఆవిడ అడిగిన ప్రశ్నకు ఆనాడు జవాబు చెప్పగల కాయితం అందులో ఒక్కటీ లేదు. ఈ రాత్రి అన్నాలయ్యాక మీ ఇంట్లో వారిని ఒక్క మాట అడగండి. మీ కాయితాలు ఎక్కడున్నాయండీ, అని. సెలవు.