కిడ్నీ రోగి కంచం, గుండె లెక్క

కొబ్బరినీళ్లు చలవ కదా తాతయ్యా, పెదనాన్నకు ఎందుకు ఇవ్వనివ్వరు అని అడిగావు. మంచి ప్రశ్నేరా. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట వైపు వెళ్తే పెరట్లో కొబ్బరిచెట్టు లేని ఇల్లు అరుదు. కిడ్నీ జబ్బు తాకని ఊరూ అరుదే. చెట్టు మీది బొండాం దించి ఇస్తే వద్దనాల్సి రావడం వాళ్లకెంత కష్టమో ఆలోచించు.

గ్లాసుడు కొబ్బరినీళ్లలో అయిదారు వందల మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. నీకైతే మిగులంతా ఒంటేలులో పోతుంది. పెదనాన్నలా డయాలసిస్ మీదున్నవాళ్లకు ఆ దారి దాదాపు మూసుకుపోయింది. గుండె కొట్టుకోడానికి కావలసిన విద్యుత్తు, కణం లోపల, బయట ఉన్న పొటాషియం తేడా మీద నడుస్తుంది. రక్తంలో అది లీటరుకు 5 మిల్లీ ఈక్వివలెంట్ల లోపు ఉండాలి. బాగా పెరిగి 7 దాకా పోయిందంటే నొప్పీ గిప్పీ లేకుండానే గుండె ఆగిపోవచ్చు.

కిడ్నీ పోయినవాళ్లను ఎక్కువగా తీసుకుపోయేది గుండెజబ్బే. ఈ కథ మొదటి రోగి నుంచీ ఉంది. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే డాక్టరు చేతికి టెఫ్లాన్ గొట్టం అమర్చి, ఎన్నిసార్లయినా డయాలసిస్ చేసే మార్గం కనిపెట్టాడు. అలా మొదట బతికినవాడు క్లైడ్ షీల్డ్స్. రోజులు లెక్కపెట్టుకుంటున్నవాడు పదేళ్లకు పైగా బతికి, చివరికి గుండెపోటుతో పోయాడు.

గుండె అనగానే మనం నెయ్యి మీద పడతాం. జర్మనీలో మధుమేహం ఉన్న 1255 మంది డయాలసిస్ రోగులతో ఒక పరీక్ష చేసి, 2005లో ఫలితం చెప్పారు. స్టాటిన్ మాత్రలతో కొలెస్ట్రాల్ బాగా దిగింది, గుండె ముప్పు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మాత్రలు మానెయ్యమని కాదు నా ఉద్దేశం, అది డాక్టరు చెప్పాలి. వీళ్ల గుండెను దెబ్బతీసేవి వేరే కూడా ఉన్నాయి, వాటి సంగతి చూద్దామంటున్నాను.

నన్నడిగితే అన్నిటికన్నా ముందు ఉప్పు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది, అంటే ఒంట్లో నీరు ఉండే పాకమే. ఒంటేలు రానివాడు 9 గ్రాముల ఉప్పు తిన్నాడంటే, ఆ పాకం కుదిరేదాకా దాహం వేస్తూనే ఉంటుంది. లీటరు నీళ్లు ఒంట్లో చేరాల్సిందే. “నీళ్లు తగ్గించు” అని గొంతెండినవాడి మీద అరిచి ఏం లాభం? ఆవకాయ ముక్క, అప్పడం, ఊరమిరపకాయ తగ్గిస్తే దాహమే తగ్గుతుంది. చేరిన నీరంతా గుండె మోయాలి. మోసి మోసి ఎడమ జఠరిక గోడ మందమవుతుంది. ఆ పైన మూడు నాలుగు కిలోల నీటిని నాలుగు గంటల్లో మిషను లాగేస్తే బీపీ ధబేలున పడిపోయి, గుండె కండకే రక్తం చాలదు. అమెరికాలో సుమారు 32 వేలమంది లెక్కలు చూసి 2011లో తేల్చిందేమిటంటే, వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునేవాళ్లలో రెండురోజుల విరామం ముగిసిన రోజే మరణాలు ఎక్కువ. మన దగ్గర వారానికి రెండుసార్లతో సరిపెట్టుకునేవాళ్లు చాలామంది. వాళ్లకు విరామం ఇంకా పెద్దది.

అలాగని బజార్లో దొరికే లో సోడియం ఉప్పు తెచ్చిపెట్టావంటే కొంప మునుగుతుంది. అందులో సోడియం తగ్గించి కలిపేది పొటాషియమే!

కూరలు అసలు మానెయ్యాలా అంటే, అక్కర్లేదు. ముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చేస్తే పొటాషియం చాలావరకు నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లతో చారు పెట్టడం మీ నాయనమ్మకు అలవాటు, పెదనాన్నకు మాత్రం అది కుదరదు. యూరప్, దక్షిణ అమెరికాల్లో ఎనిమిది వేలమంది డయాలసిస్ రోగులను గమనిస్తే, పళ్లూ కూరలూ ఎక్కువ తిన్నవాళ్లలో మరణాలు తక్కువే కనిపించాయి. తిన్నందుకు బతికారో, బాగున్నవాళ్లే తినగలిగారో ఆ లెక్క చెప్పదనుకో. ఏ పండు, ఎంత అన్నది నెలనెలా వచ్చే రక్తపరీక్ష చూసి డాక్టరు చెప్పాలి.

ఇక భాస్వరం, అదే ఫాస్ఫరస్. ఇది నెమ్మదిగా పనిచేసే శత్రువు. రక్తంలో మిగిలిపోయి, కాల్షియంతో కలిసి నాళాల గోడల్లో పేరుకుంటుంది, ఉప్పునీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పెచ్చు కట్టినట్టు. గోడలోని కండకణాలు ఎముక కణాల్లా మారడం కూడా ఉందట్రా, నాకదే వింత! నాళం బిరుసెక్కితే గుండె ఇంకా గట్టిగా తోయాలి. అందుకే భాస్వరాన్ని పట్టేసే మాత్రలిస్తారు. అవి అన్నంతోపాటే మింగాలి. చెయ్యి కడుక్కుని, కబుర్లయ్యాక వేసుకుంటే సగం ప్రయోజనం పోయినట్టే.

భాస్వరం భయంతో మాంసకృత్తులు మానేస్తే మరో ప్రమాదం. డయాలసిస్ మొదలయ్యాక కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, మిషను కూడా కొంత కడిగేస్తుంది కాబట్టి. గుడ్డు తెల్లసొన ఇందుకు చక్కగా సరిపోతుంది, భాస్వరం చాలా తక్కువ. పప్పులోని భాస్వరం పేగుల్లోకి సగం అటూ ఇటూగా ఎక్కుతుంది. ప్యాకెట్ తిండిలో, కోలాల్లో కలిపే ఫాస్ఫేటు అయితే దాదాపు మొత్తం ఎక్కేస్తుంది. కాబట్టి పెదనాన్నకు ఏదైనా కొనేముందు ప్యాకెట్ వెనక 338, 450, 451, 452 అన్న నంబర్లున్నాయేమో చూడు. ఆ అచ్చు నా కళ్లజోడుకు అందదు, ఆ పని నీదే.