నేరం ఒకరిది, సంకెల ఇద్దరికా?

సయాం కవలలు అన్న మాట వినని వాళ్లు అరుదు. ఆ పేరు రావటానికి కారకులైన చాంగ్, ఎంగ్ అనే అన్నదమ్ములు 1811లో సయాం దేశంలో, అంటే ఇప్పటి థాయిలాండులో పుట్టారు. రొమ్ముల దగ్గర నాలుగైదు అంగుళాల కండపట్టీ ఒకటి ఇద్దర్నీ కలిపి వుంచింది. 1829లో అమెరికా చేరి, ఊరూరా ప్రదర్శనలిచ్చి సొమ్ము గడించి, ఉత్తర కరొలినాలో భూములు కొన్నారు. 1843లో ఒకే ఇంటి అక్కాచెల్లెళ్లను పెండ్లాడి, రెండు ఇళ్లు కట్టుకుని, మూడేసి రోజులు వంతులు వేసుకుని కాపురాలు చేశారు. ఇద్దరికీ కలిపి 21 మంది సంతానం!

వీళ్ల మీద ఒకసారి కేసు కూడా అయింది. 1831లో మసాచుసెట్సులోని లిన్‌ఫీల్డు అనే ఊరికి వేట సరదాకు పోతే, వింత చూడవచ్చిన జనం వెంటపడ్డారు. మాటామాటా పెరిగి కొట్లాటయింది. శాంతిభంగం కింద అధికారి ముందు నిలబడి, ఇకమీద సవ్యంగా నడుచుకుంటామని 200 డాలర్ల పూచీ ఇచ్చి బయటపడ్డారు. ఆ పూట ఇద్దరికీ కోపం వచ్చింది గనుక న్యాయాధికారికి చిక్కు లేకపోయింది. ఒక్కడికే వచ్చి వుంటే?

అట్లాంటి కథ కూడా వీళ్లను గురించి చెప్పుకుంటారు. ఒకాయన చేయి మరీ గట్టిగా నొక్కాడట. నొప్పికి తాళలేక కవలల్లో ఒకడు ఆయన్ను కొట్టాడట. మేజిస్ట్రేటు ఆలోచించి, ‘కొట్టినవాణ్ణి జైలుకు పంపవచ్చును. కాని కొట్టనివాణ్ణి ఊరికే బంధించిన నేరం ఫిర్యాదీ మీద పడుతుంది’ అన్నాడట. ఫిర్యాదీ మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడట. 1617లో జెనోవాలో పుట్టిన లాజరస్ కొలొరేడో గురించి ఇంకా పాత కథ వుంది. అతని రొమ్ము నుంచి తమ్ముడి దేహం వేలాడుతూ వుండేది. ఆ తమ్ముడు మాట్లాడడు, కళ్లు తెరవడు. లాజరస్ ఒకణ్ణి చంపి మరణశిక్షకు గురయ్యాడనీ, ఉరి తీస్తే నిరపరాధి తమ్ముడు కూడా పోతాడని అతన్ని వదిలేశారనీ చెబుతారు.

కథలు ఎంతవరకు నిజమైనా, వాటిలోని చిక్కు మటుకు నిజమైనది. ఇందులో ప్రశ్నలు రెండు. వాటిని కలగలిపితే తల తిరుగుతుంది. మొదటిది, నేరం ఎవరిది? రెండవది, శిక్ష ఎట్లా అమలు చెయ్యటం?

మొదటిదానికి జవాబు కొంత తేలిక. ప్రక్కన వున్నంత మాత్రాన ఎవడూ దోషి కాడు. ఇద్దరిదీ ఉమ్మడి ఉద్దేశం అయివుండాలి. 1860 నాటి శిక్షాస్మృతిలో 34వ సెక్షను చెప్పింది ఇదే. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే మూడవ సెక్షనులోకి చేరింది. మామూలు కేసుల్లో ‘అంత ఘోరం జరుగుతూంటే అక్కడినుంచి పోలేదేం?’ అని ప్లీడరు నిలదీస్తాడు. అతుక్కుని పుట్టినవాణ్ణి ఆ ప్రశ్న అడగటానికి లేదు. ముందుగా తెలుసునా, చెయ్యి సాయం చేశాడా, ఆపటానికి ప్రయత్నించాడా, కనీసం కేక వేశాడా? ఇవే అడగవలసినవి.

ఇద్దర్నీ ఒక్కరి కింద కట్టి మొత్తంగా శిక్షిస్తే పోదా అనే వాళ్లుంటారు. కాని ఇట్టివారు ఇద్దరు మనుషులేనని మన దేశం లెక్కకట్టింది. వరంగల్లు ప్రాంతంలో 2003లో తలలు కలిసి పుట్టిన వీణ, వాణి పదో తరగతికి, ఇంటర్మీడియటుకు ఎవరి పరీక్ష వాళ్లే రాసి, ఎవరి మార్కులు వాళ్లే తెచ్చుకున్నారు. 2022లో పంజాబు ఎన్నికలలో అమృతసరు కవలలిద్దరికీ వేర్వేరు ఓట్లు ఇచ్చి, ఒకరి ఓటు ఇంకొకరికి కనబడకుండా ఏర్పాటు కూడా చేశారు. ఓటు వేసేనాడు ఇద్దరై, శిక్ష వేసేనాడు ఒక్కరెట్లా అవుతారు?

మన తెలుగు పత్రికలు ఇట్టివారిని ‘అవిభక్త కవలలు’ అంటాయి. ఆ మాట వినగానే నాకు అవిభక్త కుటుంబం స్ఫురిస్తుంది. విజ్ఞానేశ్వరుడు నేటి కర్ణాటకంలోని కల్యాణంలో కూర్చుని మితాక్షర రాశాడు. 13వ శతాబ్దంలో కేతన దాన్ని తెలుగు చేశాడు. ఆ ధర్మశాస్త్రం ప్రకారం తండ్రి అప్పు కొడుకు తీర్చవలసినదే. అయితే తాగుడుకు, జూదానికి చేసిన అప్పులూ, తండ్రి కట్టకుండా వదిలిన దండుగా కొడుకు మెడకు చుట్టుకోవు. (అప్పు తీర్చటం కొడుకు ధర్మమనే ఒక్క కారణాన అతనిమీదికి పోయే హక్కును 2005 నాటి సవరణ తీసివేసింది, అది వేరే సంగతి.) ఇల్లు ఉమ్మడి, పొలం ఉమ్మడి, పొయ్యి ఉమ్మడి. దండన ఒక్కటే ఎవరిది వారిది. అంత కలిసి బతికిన కుటుంబంలోనే ఆ గీత చెరిగిపోలేదు. ఒంటితో కలిసిపోయిన వాళ్ల మధ్య చెరిపెయ్యటానికి మనకేం అధికారం?

ఇక రెండవ ప్రశ్న. ఇంటి యజమాని జైలుకు పోతే పెళ్లాం బిడ్డలు పస్తులుంటారు, నిరపరాధులు బాధపడటం కొత్తా అని ఒక మిత్రుడు వాదించాడు. బాధపడతారు, నిజమే. కాని జైలు తలుపు వాళ్లమీద మూయరు. వారెంటు ఒక్కడి పేరనే వస్తుంది. ఆ కాగితం చూపి జైలరు ఇద్దర్ని లోపల పెడితే, రెండోవాణ్ణి ఏ సెక్షను కింద పెట్టినట్లు? చట్టం నిర్ణయించిన పద్ధతి ప్రకారం తప్ప ఎవరి స్వేచ్ఛా హరించరాదని రాజ్యాంగం 21వ అధికరణం చెబుతూనే వుంది.

తల్లితోపాటు జైల్లో పెరిగే పసిబిడ్డల మాటేమిటని అడగవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా నడిచిన ఒక కేసులో 2006లో సుప్రీం కోర్టు, ఆరేళ్లు వచ్చేవరకు బిడ్డను తల్లి దగ్గర వుండనివ్వమంటూనే, ఆ బిడ్డను ఖైదీగా చూడరాదని చెప్పింది. అది బిడ్డ మేలు కోరి ఇచ్చిన వెసులుబాటు. వయసు రాగానే బిడ్డ బయటికి వస్తుంది. కవలవాడికి బయటికి వచ్చే రోజు లేదు. మరణశిక్ష పడిన స్త్రీ గర్భవతి అయితే హైకోర్టు ఆ శిక్షను యావజ్జీవంగా మార్చి తీరవలెననే నిబంధన మన ప్రశ్నకు ఇంకా దగ్గరిది. కడుపులోని ప్రాణాన్ని తల్లి నేరంతో జమకట్టటానికి చట్టానికి మనసొప్పలేదు.

దీనికి ఎదురుగా నిలిచేటట్టు కనిపించే తీర్పు ఇంగ్లండులో ఒకటి వుంది. 2000 ఆగస్టులో మాంచెస్టరులో ఆడ కవలలు అతుక్కుని పుట్టారు. జోడీ, మేరీ అని కోర్టు వాళ్లకు మారుపేర్లు పెట్టింది. మేరీకి రక్తం అందేది జోడీ గుండె వల్లనే. అట్లాగే వుంచితే కొన్ని నెలల్లో ఇద్దరూ పోతారు. విడదీస్తే జోడీ బతుకుతుంది, మేరీ బల్లమీదనే పోతుంది. కత్తి పట్టిన డాక్టరు హంతకుడవుతాడా? తల్లిదండ్రులు భక్తిపరులైన కాథలిక్కులు, వద్దన్నారు. ముగ్గురు న్యాయమూర్తులూ మేరీ కూడా ఒక పూర్తి మనిషేనని మొదట ఒప్పుకుని, ఆ తరువాతనే, ఎవరి కారణం వారు రాసి, ఆపరేషనుకు అనుమతించారు. నవంబరులో ఇరవై గంటల శస్త్రచికిత్స జరిగింది. జోడీ బతికింది.

ఆ తీర్పు చదివినప్పుడు మనసు చివుక్కుమంటుంది. అయినా అది మన ప్రశ్నకు దారి చూపదు. అక్కడ ఆలస్యం చేస్తే ఇంకో ప్రాణం పోతుంది. శిక్ష విషయంలో అట్లాంటి తొందర ఏమున్నది? శిక్షను వాయిదా వెయ్యవచ్చు, మార్చవచ్చు, మానవచ్చు.

చిన్న నేరాలకు దారులున్నవి. జరిమానా వేసి నేరస్థుడి వాటా సొమ్ములోంచి వసూలు చెయ్యవచ్చు. 1958 ప్రొబేషను చట్టం కింద సత్ప్రవర్తనకు పూచీ పుచ్చుకుని వదలవచ్చు. లిన్‌ఫీల్డులో జరిగింది ఇంచుమించు అదే. కొత్త సంహితలోని సమాజసేవ శిక్షలో మాత్రం రెండోవాడు కూడా నడవక తప్పదు గనుక, అతను ఒప్పుకుంటేనే అది న్యాయం.

హత్య దగ్గరే దారులన్నీ మూసుకుపోతాయి. మరణశిక్షకు, యావజ్జీవానికి తగిన నేరాలకు ప్రొబేషను వర్తించదు. హిల్టన్ అక్కాచెల్లెళ్లు అనే నిజమైన కవలలు నటించిన ‘చెయిన్డ్ ఫర్ లైఫ్’ అనే అమెరికా చిత్రంలో ఒకామె తుపాకి పేలుస్తుంది. జడ్జీ పాత్ర ఏమీ తేల్చలేక తీర్పు ప్రేక్షకులకే వదిలేస్తుంది. అట్లా తప్పుకోవటం సినిమాకు చెల్లుతుంది గాని హతుడి తల్లికి సమాధానం కాదు. ఆమెకు కావలసిన మొదటి మాట, ‘నీ బిడ్డను చంపినవాడు వీడు’ అని కోర్టు బహిరంగంగా పలకటం. ఆ పని చెయ్యటానికి ఏ అడ్డూ లేదు. విచారణ జరపాలి, దోషి పేరు రికార్డులో ఎక్కాలి, అతని ఆస్తిలోంచి ఆ కుటుంబానికి పరిహారం ఇప్పించాలి, ఆయుధం దగ్గర పెట్టుకోకుండా, ఫిర్యాదీల వీధికి పోకుండా కట్టడి చెయ్యాలి. జైలు శిక్ష మాత్రం, రెండోవాడి ఒంటికి తగలకుండా అమలు చేసే మార్గం దొరికేదాకా, కాగితం మీదనే వుండాలని నా అభిప్రాయం. అందుకోసం బలవంతాన ఆపరేషను చేయించే హక్కు కూడా ఏ కోర్టుకూ వుండరాదు.