చదువు వీడని మద్రసా

ఉస్మానీ సుల్తాన్ సులైమాన్ ఆజ్ఞపై మహాశిల్పి సినాన్ 1550-1557 మధ్య ఇస్తాంబుల్‌లో సులైమానియా మస్జిద్‌ను నిర్మించాడు. దాని చుట్టూ మద్రసాలు, వైద్యశాల, పేదలకు అన్నం పెట్టే వంటశాల కూడా వెలిశాయి. ఆ మద్రసాలలో రెండింటి పేర్లు మనకు పరిచితమైనవే: అవ్వల్, సానీ.

1924లో తుర్కియా ప్రభుత్వం చట్టం ద్వారా మద్రసాలను మూసివేసింది. విద్యార్థులు లేని కట్టడం శిథిలమవుతుంది, లేదా గోదాముగా మారుతుంది. ఈ రెండింటికి ఆ గతి పట్టలేదు. అప్పటికే, 1918లో, సులైమానియా గ్రంథాలయం ఏర్పడింది. మూతపడిన విద్యాలయాల గ్రంథాలు క్రమంగా ఈ మద్రసా గదులకు చేరాయి. నేడు అరబీ, ఫార్సీ, ఉస్మానీ తుర్కీ వ్రాతప్రతులను పరిశోధించేవారు ప్రపంచం నలుమూలల నుండి అక్కడికి వస్తారు.

అక్కడి ఒక నియమం గమనార్హం. తరలివచ్చిన గ్రంథాలను ఒకే రాశిగా కలిపివేయలేదు. ఫాతిహ్, లాలేలీ, అస్అద్ అఫందీ అంటూ ప్రతి సంచయాన్నీ దాని పాత పేరుతోనే నిలిపారు. పరిశోధకులు నేటికీ ఆ పేర్లనే ఉదహరిస్తారు. గ్రంథాలను వక్ఫ్ చేసినవారు గతించినా, వారి దానం పనిచేస్తూనే ఉంది.

పాఠకులారా! మన పట్టణాలలోనూ పిల్లలు తగ్గిన పాత మద్రసాలున్నాయి. మన ఇళ్ళలో తాతల నాటి ఉర్దూ, ఫార్సీ ప్రతులు చెదల పాలవుతున్నాయి. వాటిని పాత కాగితాల వ్యాపారికి అప్పగించే ముందు, చదవగల ఒక ఆలిమ్‌కు చూపించండి. ఒక పొడిగది, ఒక అలమారా, ఒక జాబితా ఉంటే పని ప్రారంభించవచ్చు.